గరిటె ఉన్నవారిదే మాట

విజయనగరం చరిత్రలో ముఖ్య ఘట్టాలు రెండు. ఒకటి కోట కట్టడం. రెండోది 2014లో మా యుగంధర్ ఆఫీసుకు స్టీలు గరిటె తేవడం. మొదటిదాన్ని జనం చూసిపోతారు. రెండోదాన్ని మేం అనుభవించాం.

మా చిన్న కంపెనీ చేసేది, మత్స్యకారుల ఊళ్లలో తుఫాను హెచ్చరికలు గట్టిగా చదివే పెట్టె. అందులో సౌండు చిప్పును నడిపే డ్రైవర్ ప్రోగ్రాం యుగంధర్‌ది. ఒకే చోట రెండు పనులు ఒకేసారి చెయ్యి పెడితే మాటకు బదులు గరగర వస్తుంది. అందుకని ఒకటి తాళం పుచ్చుకుని పని చేస్తుంటే రెండోది ఆగాలి. ఈ ధర్మాన్ని అతను మనుషులకూ వర్తింపజేశాడు. మీటింగులో గరిటె ఎవరి చేతిలో ఉంటే మాట వారిదే.

కోటబొమ్మాళిలో ఒక పెళ్లిలో, నా విస్తరి మీదికి పప్పతనూ పులుసతనూ ఒకేసారి వంగారు. "ఆగండర్రా! ఒకలు ఎల్లినాక ఒకలు!" అని యుగంధర్ చేతులు అడ్డం పెట్టాడు. పులుసు చేతుల మీద పడింది.

"సూసినావా బావా, అందుకే తాళం ఉండాలంతాను," అన్నాడు ఊదుకుంటూ.

తాళం పట్టుకుని నిద్రపోకూడదన్నది డ్రైవర్ ప్రోగ్రాముల్లో ఇంకో సూత్రం. మేనేజరు నరసింగరావు గారు ఒక మధ్యాహ్నం గరిటెతో సహా నిద్రపోయారు. ఇరవై నిమిషాలు ఆఫీసు స్తంభించింది. లేపాలంటే మాట్లాడాలి కదా!

ఇంతలో పెట్టెకు జబ్బు చేసింది. చదువుతుండగా వాల్యూం తిప్పితే ఒక్కోసారి మూగబోయేది. శుక్రవారం నాలుగింటికి దాన్ని అప్పగించాలి. ఆ రోజుతోనే, పెట్టెను పరీక్షించే దుర్గకు ఆరు నెలల ప్రొబేషన్ గడువు ముగుస్తుంది. ఆ అమ్మాయికి నత్తి. "పని సేస్తాది గానీ నోరిప్పదు. పంపించేద్దాం," అని నరసింగరావు గారు తేల్చేశారు.

శుక్రవారం పొద్దున్న అందరం అరుస్తుంటే, యుగంధర్ గరిటె తీసి దుర్గ చేతిలో పెట్టాడు.

"వ... వ..."

"వైరింగా?" అని అందించబోయాను. యుగంధర్ చూసిన చూపుకు నోరు దానంతటదే మూతపడింది.

దుర్గ చెప్పడం పూర్తయ్యేసరికి తొమ్మిది నిమిషాలు పట్టింది. మాట పంపే పని తన తాళం పట్టుకుని వాల్యూం తాళం కోసం చూస్తోంది. వాల్యూం పని తన తాళం వదలకుండా మాట తాళం కోసం చూస్తోంది. రెండూ కదలవు, పెట్టె మూగబోతుంది. రెండూ తాళాలను ఒకే వ... వరసలో తీసుకోవాలి. అంతే.

ఆ తప్పు రాసిన మహానుభావుడు యుగంధరే. "అవును, నాదే," అని కూర్చుని దిద్దాడు. మూడున్నరకల్లా పెట్టె, వాల్యూం ఎంత తిప్పినా తుఫాను చదువుతూనే ఉంది. నరసింగరావు గారు దుర్గ ఉద్యోగం ఖాయం చేశారు.

టీ దగ్గర యుగంధర్‌ని అడిగాను. "నిజం సెప్పు బావా. ప్రోగ్రాముకి తాళం అందులోనే ఉన్నాది కదా. మళ్లీ గరిటెందుకు?"

"మీ నోళ్లకి లేదు కదేటి! ఆ పిల్ల మాట మొదలెడితే సాలు, మీరే పూర్తి సేసేస్తన్నారు."

సోమవారం మీటింగులో దుర్గ తనంతట తానే గరిటె అడిగి తీసుకుంది. ఏం బయటపెడుతుందోనని అందరం నోటుబుక్కులు తెరిచాం. నరసింగరావు గారు కళ్లజోడు కూడా పెట్టుకున్నారు.

ఫ్యాను తగ్గించమంది.