రిటర్న్ బండి దిగిన ఇద్దరం

తార్నాక మెట్రో స్టేషన్ మెట్ల పక్కన, ఒక కోచింగ్ సెంటర్ కింది సెల్లార్‌లో, కార్లు అద్దెకిచ్చే ఆఫీసు ఒకటి ఉంది. మొన్న అక్కడ ఒక తెల్లకారు తలుపు తీయగానే, అద్దానికి వేలాడదీసిన నిమ్మకాయ సెంటు బిళ్ళ వాసన, దాని కింద నుంచి ఎవరో తిని పారేసిన చిప్స్ వాసన, ఇంకా కింద నుంచి ఎండకు కాగిన సీటు వాసన ఒక్కసారిగా ముక్కుకు తగిలాయి. ఆ వాసన మీద కూడా నేను ఫిర్యాదు చేశాను. అప్పటికే బంపర్ మీది గీతలన్నీ ఫోన్‌లో వీడియో తీసి, రేపు ఇవి మేము చేసినవని అంటే ఒప్పుకోనని కౌంటర్ దగ్గరి కుర్రవాడికి రెండుసార్లు చెప్పి ఉన్నాను. శని, ఆదివారాలు కాకుండా మంగళవారం బయల్దేరితే అద్దె తగ్గుతుందని, డ్రైవర్ అక్కర్లేకుండా మావాడే నడిపితే ఇంకా తగ్గుతుందని, ఏడు సీట్లది మానేసి అయిదు సీట్లది తీసుకుంటే అన్నిటికన్నా చవకని కనుక్కున్నదీ నేనే. వెళ్ళేది ఉత్తరానికి: మేడ్చల్, కామారెడ్డి, నిర్మల్, ఆపైన ఘాట్ రోడ్డు, రెండు పక్కలా టేకు అడవి, చివరికి కుంటాల జలపాతం. నేను, మా ఆయన, కొడుకు, కోడలు, కోడలి తల్లి. అయిదుగురికి అయిదు సీట్లు.

సంతకం పెట్టబోతుంటే కోడలు అన్నది: "అత్తమ్మా, సత్తెమ్మ అమ్మమ్మను గూడ తీస్కపోదమా? గా ఏడు సీట్ల బండి ఖాళీగనే ఉన్నదట గదా."

సత్తెమ్మ అంటే మా మేనత్త, మా బాపు చెల్లెలు. ఇప్పుడు అంబర్‌పేట్‌లో మా అన్న ఇంట్లో ఉంటున్నది.

"ముసలామె. ఇగ ఆమె ఏం జూస్తది?" అని సంతకం పెట్టేశాను.

ఆ మాట నా నోట్లోంచి బయటికొచ్చి, ఆ కారు వాసనలో కలిసి, తిరిగి నా చెవిలోనే పడింది. అలాంటి మాటే ఒకటి నేను మూడో తరగతిలో ఉన్నప్పుడు నన్ను ఒకరు అన్నారు. దాన్ని నేను ఒక్కరోజు కూడా మరచిపోలేదు. మరచిపోయే మనిషిని కాను.

మా బాపు యూనివర్సిటీలో గుమాస్తా. క్యాంపస్ వెనకవైపు, పెద్ద పెద్ద రాతిగుండ్ల మధ్య, స్టాఫ్ క్వార్టర్లలో మా ఇల్లు. రెండు గదులు, వెనక ఒక చిన్న వాకిలి, వాకిలి దాటితే సీతాఫలం చెట్లు. వానలు వెనకబడి, ఎండ పసుపుపచ్చగా మారే రోజుల్లో గుండ్ల సందుల్లోంచి గునుగుపూలు తెల్లగా తలలెత్తేవి. తంగేడు విరగబూసేది. సీతాఫలాలు కళ్ళు విప్పేవి. బతుకమ్మ పండుగకు పూలు తెంపుకొచ్చే పని పిల్లలది, వాటిని వరసలు వరసలుగా పేర్చే పని సత్తెమ్మత్తది. పెళ్ళయిన ఏడాదికే మొగుడు వదిలేస్తే మా ఇంటికి వచ్చేసి, ఆడపిల్లల హాస్టల్ మెస్‌లో చపాతీలు చేసే పనిలో చేరింది అత్త. సాయంత్రం ఆమె ఇంటికి వస్తే, చీర కొంగులో కాలిన పిండి వాసన, చేతుల మీద పెనం అంచు తగిలిన మచ్చలు. నవ్వితే మటుకు వాకిలి అవతలికి వినిపించేది.

ఆ దసరా సెలవుల్లో కుంటాల చూడాలన్న కోరిక ఎవరిదో నాకు బాగా గుర్తుంది. మెస్‌లో తినే ఆదిలాబాద్ అమ్మాయి ఒకతె అత్తకు ఆ జలపాతం గురించి చెప్పింది. అత్త మాకు చెప్పింది. చపాతీ కర్రను గాలిలో పైకెత్తి, "గింత ఎత్తు నుంచి గాదు, మన గుండుకు పది గుండ్లంత ఎత్తు నుంచి దుంకుతయట నీళ్ళు" అని చెప్పి చెప్పి, చివరికి మా బాపు చేత ఊఁ అనిపించింది.

కారు మాట్లాడుకునే తాహతు మాకు లేదు. కానీ బాపుకు ఒక ఉపాయం తెలుసు. అప్పట్లో తార్నాక చౌరస్తాలో ఒక ఇరానీ హోటల్ ఉండేది. ఆదిలాబాద్ వైపు నుంచి పట్నం దవాఖానాలకు రోగులను తెచ్చిన అంబాసిడర్లు, వాళ్ళను దింపేసి, ఖాళీగా వెనక్కి వెళ్ళే ముందు ఆ హోటల్ దగ్గర చాయ్‌కి ఆగేవి. డ్రైవర్లు సాసర్‌లో చాయ్ ఊదుకుంటూనే "నిర్మల్, నిర్మల్, ఆదిలాబాద్" అని కేకలు వేసేవారు. వాటిని రిటర్న్ బండ్లు అనేవాళ్ళం. రానుపోను ఖర్చంతా రోగి తరఫువాళ్ళే ఇచ్చి ఉంటారు కనుక, పోయేటప్పుడు ఎంత వచ్చినా డ్రైవర్‌కు లాభమే, ఎక్కినవాళ్ళకూ లాభమే. వచ్చేటప్పుడు బస్సు ఉండనే ఉంది. ఆ కొద్దిపాటి కిరాయి కూడా పంచుకోవడానికి పక్క క్వార్టర్‌లోని రత్నం టీచర్ కుటుంబం కలిసింది. వాళ్ళు తెనాలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు. ఆమె, ఆమె భర్త, ఒక్క కొడుకు. మేము అయిదుగురం: బాపు, అమ్మ, అన్న, నేను, అత్త.

రిటర్న్ బండి ఎప్పుడు దొరుకుతుందో ఎవరికీ తెలియదు, దొరికితే అది మన కోసం ఆగదు. అందుకని రోజూ తెల్లవారకముందే లేచి, తలంట్లు పోసుకుని, కొత్తబట్టలు వేసుకుని, ముంతలో పెరుగన్నం, గిన్నెలో పులిహోర, మూటలో రొట్టె, బెల్లం కలిపి కట్టిన మలీద ముద్దలు, డబ్బాలో సత్తుపిండి సర్దుకుని, గడప మీద వరసగా కూర్చునేవాళ్ళం. బాపు సైకిలెక్కి చౌరస్తాకు పోయేవాడు. ఎండెక్కాక చెమటతో ఒక్కడే తిరిగొచ్చేవాడు. ప్రయాణం కోసం పొద్దున వండిన పులిహోరను మధ్యాహ్నం అదే గడప మీద కూర్చుని తినేవాళ్ళం, మర్నాటి కోసం అత్త మళ్ళీ చింతపండు నానబోసేది. "పొద్దుగాల్నే వండుడు, పగటీలి తినుడు. కుంటాల పోకముందుకే కుంటాలంత తిన్నం" అనేది.

చివరికి ఒకరోజు గుండ్ల మలుపులో హారన్ మోగింది. మీగడ రంగు అంబాసిడర్, పైన క్యారియర్, ముందు సీట్లో మా బాపు రాజులాగా! కారు ఆగక ముందే నేను తలుపు పట్టుకుని వేలాడాను. లోపల పెట్రోలు, ఊదుబత్తి, రెగ్జిన్ కలిసిన వాసన. వెనక కిటికీ పక్కన మోకాళ్ళ మీద లేచి కూర్చున్నాను. అత్త నా పక్కన. మిగతావాళ్ళందరూ ఒకరి ఒళ్ళో ఒకరు ఇరుక్కున్నాక అసలు సంగతి తెలిసింది: కంటికి ఆపరేషన్ అయిన ముసలాయన ఒకరు, ఆయన కొడుకు దవాఖానా గేటు దగ్గర ఎదురుచూస్తున్నారు, వాళ్ళు ఆ బండిలోనే ఊరికి పోవాలి.

"ఇద్దరు దిగుండ్రి సార్," అన్నాడు డ్రైవర్. "గింతమందితోటి బండి ఘాట్ ఎక్కది."

ఎవరూ కదల్లేదు. కారులో అందరూ అందరి వైపూ చూసి, చివరికి నా వైపు చూశారు. రత్నం టీచర్ నా చెంప మీద వేలితో తట్టి అన్నది: "చిన్నపిల్లే కదండీ. ముందు ముందు ఎన్నిసార్లు వెళ్ళదూ!"

అదీ ఆ మాట. మా అమ్మ తల దించుకుంది, బాపు డ్రైవర్‌తో ఏదో మాట్లాడుతున్నట్టు నటించాడు. అత్త మాత్రం తలుపు తీసుకుని దిగి, నా వైపు చెయ్యి చాపింది. "రా బిడ్డా. మనిద్దరం మళ్ళ పోదం."

నేను రాలేదు, నన్ను లాగారు. కారు గుండ్ల మలుపు తిరిగేదాకా ఏడ్చాను. అన్న వెనక అద్దంలోంచి నాలుక బయటపెట్టాడు. అదీ గుర్తుంది.

ఆ పగలంతా అత్త నన్ను సముదాయించడానికి చేయని పని లేదు. మలీద ముద్ద నోటి దగ్గర పెడితే మూతి తిప్పుకున్నాను. సీతాఫలం ఒలిచి ఇస్తే గింజలన్నీ వాకిట్లో పారపోశాను. చివరికి ఆమె నులక మంచం గది మధ్యకు జరిపి, తలాపు వైపు కూర్చుని, సత్తు పళ్ళాన్ని స్టీరింగ్‌లాగా పట్టుకుంది.

"నిర్మల్, నిర్మల్, ఆదిలాబాద్! ఎక్కుతవా, పొమ్మంటవా? రిటన్ బండి, ఆగది మల్ల!"

నేను మూలకు తిరిగి కూర్చున్నాను.

"నువ్వు రాకపోతె నేనే పోత తియ్," అన్నది.

కాసేపటికి చప్పుడు లేకపోయేసరికి ఓరగా వెనక్కి చూశాను. అత్త పళ్ళెం తిప్పడం లేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, మంచం పట్టె మీదుగా ఒక చెయ్యి బయటికి చాపి, అరచెయ్యి గాలికి తెరిచి, సున్నం రాలిన గోడ వైపు చూస్తూ కూర్చుని ఉంది. చాలాసేపు అలాగే ఉంది. నన్ను ఊరించడానికే అలా చేస్తున్నదని నాకు ఇంకా కోపం వచ్చింది.

మూడోనాడు అందరూ వచ్చారు. నీళ్ళు పొగలాగా లేస్తాయని అన్న వారం రోజులు చెప్పాడు. నాకు నిర్మల్ నుంచి రంగుల కొయ్య చిలుకను తెచ్చారు. అత్తకు ఖాళీ గిన్నెలు ఇచ్చారు, తోమడానికి.

ఆ తరవాత ఈ కథను నేను చెప్పని చోటు లేదు. నా పెళ్ళి పందిట్లో చెప్పాను, అన్న కొత్త ఇంటి గృహప్రవేశంలో చెప్పాను, ఎవరైనా కారు కొన్నామంటే చెప్పాను. "నన్ను దింపేసిన్రు" అని చెప్పాను. చెప్పిన ప్రతిసారీ అత్త ఆ గదిలోనే ఉండేది, చాయ్ గ్లాసులు పంచుతూనో, పిల్లలను ఎత్తుకునో. విని అందరితోపాటు నవ్వేది. ఆ కారులో ఆమెకూ ఒక చోటు ఉండిందని, జలపాతం చూడాలన్న కోరికే ఆమెదని ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నా లెక్కలో పోయింది ఒక్క సీటే.

ఇన్నేళ్ళలో ఆమెను ఎవరూ ఆ దారిన తీసుకుపోలేదు. తీసుకుపోవడానికి నాకు వీలు చిక్కినప్పుడు, కోడలు నోరు విడిచి అడిగినప్పుడు, నేను అన్నది ఆ మాట. చిన్నపిల్లకు ముందు చాలా కాలం ఉందని ఒకరు దింపితే, ముసలామెకు ఇక కాలం లేదని నేను ఎక్కనివ్వలేదు. రత్నం టీచరైనా చెంప మీద తట్టి చెప్పింది.

గంట తరవాత మళ్ళీ ఆ ఆఫీసుకు వెళ్ళాను. "ఇందాకనే పోయింది మేడం ఏడు సీట్లది. మీరడిగినప్పుడు ఉండె," అన్నాడు కుర్రవాడు. వాడితో కొట్లాడటానికి ఏమీ దొరకలేదు. ఆటో ఎక్కి, విద్యానగర్ మీదుగా అంబర్‌పేట్ పోయాను. అత్త చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నది.

"రేపు పొద్దుగాల మావోళ్ళు కుంటాలకు పోతున్నరు అత్తా. నువ్వు గూడ పో."

"నువ్వు?"

"నేను గూడ," అన్నాను.

మోకాళ్ళ నొప్పులనో, కళ్ళు మసకలనో అంటుందని, బతిమాలే అవకాశమన్నా ఇస్తుందని అనుకున్నాను. ఆమె చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు నెట్టి, గోడ పట్టుకుని లేచి, ఒక చీర మడిచి సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

"రేపు గదా అత్తా, గంత తొందరేంది? ఇది రిటర్న్ బండి గాదు. మనం చెప్పినంతసేపు ఆగుతది."

"ఏ బండి ఆగదు తియ్," అన్నది.

క్షమించమని అడగలేదు. అడగడం నాకు రాదు, అడిగించుకోవడమే వచ్చు.

మర్నాడు నేను అత్తను ఆటోలో తీసుకొచ్చేసరికి, కారు మిగతా నలుగురినీ ఎక్కించుకుని తార్నాక చౌరస్తాలో, మెట్రో స్తంభం పక్కన ఆగి ఉంది. ముందు సీట్లో అత్తను కూర్చోబెట్టాను. కొత్తచీర, తలకు కొబ్బరినూనె. నేను పులిహోర డబ్బా డిక్కీలో పెట్టి మూత వేశాను.

"నువ్వేడ కూసుంటవే?" అని అడిగింది అత్త.

"నేను మళ్ళ పోత."

మా ఆయన నెత్తి కొట్టుకున్నాడు: "అరె, ముందుగాల్నే చెప్తే పెద్ద బండి తీస్కుందుము గదనే!" వియ్యపురాలు "అయ్యో వదినా" అని కొంచెం జరిగింది. జరిగిందే కానీ దిగలేదు. అది నేను గమనించాను.

అత్త చెయ్యి మాత్రం అప్పటికే తలుపు మీదికి పోయింది. "అట్లయితే నేను గూడ దిగుత. ఒక్కదానివి ఏం జేస్తవు?"

బయటి నుంచి తలుపును రెండు చేతులతో నెట్టి పట్టుకున్నాను. "ఈసారి నువ్వు దిగొద్దు అత్తా." మావాడికి పొమ్మని సైగ చేశాను. కారు కదిలింది. హబ్సిగూడ నుంచి వచ్చే సిటీ బస్సు అడ్డం వచ్చేలోపు, ముందు కిటికీలోంచి ఒక ముడతల చెయ్యి బయటికొచ్చి, అరచెయ్యి గాలికి తెరుచుకోవడం చూశాను.

అక్కడ ఇరానీ హోటల్ లేదు. అది ఉన్న చోటే మెట్రో స్తంభం లేచింది. నిర్మల్, ఆదిలాబాద్ అని కేక వేసే డ్రైవర్లు లేరు, అందరికీ ఫోన్‌లోనే బండ్లు దొరుకుతున్నాయి. క్యాంపస్‌లోకి నడిచాను. మా క్వార్టర్ల వరస పడగొట్టి కొత్త హాస్టల్ కట్టారు. గుండ్లలో సగం పగిలి కంకరైపోయాయి. మిగిలిన ఒక్క సందులో గునుగు పూసింది. దాని పక్కన రాయి మీద కూర్చున్నాను. నా పక్కన ఎవరూ లేరు. ఆనాడు నా పక్కన ఒకరు ఉన్నారు. కారు దిగి, చెయ్యి చాపి, నాకు తోడుగా ఉండిపోయారు. ఇన్నాళ్ళూ దాన్ని నేను లాగడం అని చెప్పుకున్నాను.

పొద్దు వాలాక ఫోన్ మోగింది. అత్త. వెనక ఏదో పెద్ద హోరు.

"కండ్లకు అంత మసకనే ఉన్నదే. సప్పుడు మటుకు మస్తుగ ఇనవడ్తున్నది," అని అరిచింది. ఆ తరవాత అడిగింది: "ఏమే, అన్నం దిన్నవా? అప్పటి లెక్క అలిగి కూసున్నవా?"

"తిన్న అత్తా," అన్నాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదు.