షిరాజ్ నుంచి వచ్చిన కోడి

తమిళనాట రాజపాళయంలో ఆసుపత్రుల కోసం గాయాలకు చుట్టే కట్టుబట్ట నేయించి దేశదేశాలకు పంపిన ఎస్. జగన్నాథరాజుగారు మొన్న మంగళవారం ఉదయం తమ గోదాములోనే కుప్పకూలి కన్నుమూశారు. సోమవారం సాయంత్రం నన్ను నిలబెట్టి తిట్టిన మనిషి. ఆ తిట్టు చెవిలో ఉండగానే ఆయనకు నివాళి రాయవలసిన దుర్గతి పట్టింది నాకు.

నేను గుంటూరువాణ్ణి. ఎగుమతి కాగితాలు చూసేందుకు ఆయన దగ్గర చేరిన కొత్తలో, మా నేతగాడొకడి తండ్రి పోయాడు. "మూర్తీ, కోడి ఎత్తుకొని రా, పోయి వద్దాము" అన్నారు రాజుగారు. ఎందుకని అడక్కుండా బజారుకు వెళ్ళి, పెట్టను కాళ్ళు కట్టి తెచ్చాను. ఇక్కడ కోడి అంటే చుట్టాలు శవం మీద కప్పే కొత్త బట్ట అని నాకేం తెలుసు? చావింటి గుమ్మంలో నవ్వకూడదని ఆయన పెదవి కొరుక్కున్నారు. తిరిగి వస్తూ మాత్రం గంభీరంగా చెప్పారు: "ఉరవు అనేది నోటిమాట కాదురా. కోడి ఏసేవాడే ఉరవు." ఉరవంటే వీరి మాటలో చుట్టరికం.

ఇరాన్‌లోని షిరాజ్ ఆసుపత్రులకు మా బట్ట కొనే హుసేన్‌గారూ ఆయనా ఎన్నడూ ఎదురుపడలేదు. వచ్చీరాని ఇంగ్లీషులో, ఫోనులోనే అన్నదమ్ములయ్యారు. మన దేశానికీ ఇరాన్‌కూ వ్యూహాత్మక భాగస్వామ్యమనీ, రేవు ఒప్పందమనీ అరవ పత్రికలో వచ్చినప్పుడల్లా రాజుగారు నా బల్ల మీద పరిచేవారు. "రెండు దేశాల ఉరవు గట్టిపడినాదంట. అట్లయితే మన బట్ట బేళ్ళు ఏల పోలే?"

ఏమి చెప్పను? ఇరాన్ మీది ఆంక్షల్లో కట్టుబట్టకు మినహాయింపు ఉంది, కాగితం మీద. అమెరికా కన్నెర్రజేస్తుందని బ్యాంకు జంకుతుంది. బ్యాంకు జంకితే ఓడవాడు ముట్టుకోడు. తూత్తుకుడి రేవు దాకా వెళ్ళిన సరుకు వెళ్ళినట్టే తిరిగి వచ్చింది. కరచాలనాలు చేసిన మహానుభావులకు ఒక్క బేలును ఓడెక్కించే చేవ లేకపోయింది.

అక్కడేమో వాడిన కట్లే ఉతికి మళ్ళీ కడుతున్నారట. ఆ మాట విన్న నాటి నుంచి ఆయనకు ముద్ద దిగలేదు. "పుండుకి కట్టను గుడ్డ లేదని వాడు ఏడ్చినాడు మూర్తీ. గోదాము నిండా పెట్టుకొని నేనేమి బదులు చెప్పేది?" ఎక్కని బ్యాంకు మెట్టు లేదు. అందరిదీ ఒకే జవాబు: పైవాళ్ళను అడగాలి.

సోమవారం నేనే నోరు జారాను. ఇంకెవరికైనా అమ్మేద్దామన్నాను. "నువ్వింకా కోడిపెట్ట తెచ్చినవాడివే. ఉరవు నీకు అర్థం కాలే" అన్నారు. నాతో ఆయన చివరి మాట అదే.

మంగళవారం షిరాజ్‌కు ఫోను చేశాను. కబురు చెప్పాను. హుసేన్‌గారు, మీలో పోయినవారిని ఎలా సాగనంపుతారని అడిగారు. కోడి సంగతి చెప్పాను.

"ఆ బేళ్ళు నా కోసం నేసినవే కదా. ఒకటి విప్పి, నా పేరు చెప్పి కప్పండి."

చుట్టాలు వరుసగా పట్టుబట్టలు కప్పుతుంటే నేను ఆ పలుచని తెల్లబట్ట పట్టుకుని నిలబడ్డాను. "అది ఎవురి కోడి?" అని పెద్దలు అడిగారు. "షిరాజ్ ఉరవుది" అన్నాను. అందరూ పక్కకు జరిగి దారి ఇచ్చారు.

అయ్యా, ఇప్పటికి అర్థమైంది నాకు. మీ స్థానంలో నిలిచే సత్తువ నాకు లేదు, ఆ సరుకును దాటించే దారీ తెలియదు. ఈ ఉదయం కూడా హుసేన్‌గారు ఫోను చేశారు. బేళ్ళు కదిలాయా అని అడిగారు. లేదన్నాను.