కప్ప కడుపుకి ఊపిరి

తోకియె చేతులు హకొదాతె రేవులో చేపల పొట్టలు చీల్చి రాటుదేలినవి. పెళ్లి కలిసిరాక, ఆ చేతులతోనే సప్పొరొ వచ్చి విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో చేరింది. నడివయసు దాటేదాకా కప్పల కడుపులు కోసింది. కోసేముందు ప్రతి కప్పకీ తల వంచేది. నీ ప్రాణం వృథా పోనివ్వనని మనసులో మాట ఇచ్చేది.

"ఇంకాస్త ఆగితే దానికి టీ కూడా పోస్తారేమో, తోకియె గారూ," అని ప్రొఫెసర్ నరుసె ఆటపట్టించేవాడు.

"పోస్తానండీ. మీకు పోసి పోసి అలవాటైపోయింది."

ప్రయోగాల్లో చచ్చిన జంతువుల కోసం పెరట్లో ఒక రాయి నిలిపారు. ఏటా ఆకులు రాలే కాలంలో దాని ముందు బౌద్ధ సన్యాసి వచ్చి మంత్రాలు చదివేవాడు. ఆ కాసేపూ లోపల ఏ యంత్రమూ చప్పుడు చెయ్యకూడదని వాళ్ల నియమం. ఒక ఏడు సరిగ్గా అదే వేళకి గాజు గిన్నెలో ఓ కప్ప కడుపు పొర ఉంది. చక్కెర కలిపిన ఉప్పునీళ్లలో ఆక్సిజన్ బుడగలు గుడగుడలాడుతుంటే పొర నుంచి ఆమ్లం ఊరుతోంది, అది ఎంత ఊరుతోందో చూపే గీత కాగితం మీద పైకి పాకుతోంది. తిండి ఉంది కదా, కాసేపు గాలి లేకపోతే ఏమవుతుందిలే అనుకుని తోకియె ఆక్సిజన్ సిలిండర్ కట్టేసి వెళ్లింది. ఆ వచ్చింది కొత్త సన్యాసి. ఎంతకీ ముగించడే.

తిరిగొచ్చేసరికి గీత అడుగుకి దిగిపోయి ఉంది.

"ఒకే ప్రాణాన్ని రెండుసార్లు తీశానండీ," అంది.

నరుసె ఈసారి ఆటపట్టించలేదు. సిలిండర్ మళ్లీ తెరిచి పక్కన కూర్చున్నాడు.

"ఈ కణాల నిండా పొయ్యిలే, తోకియె గారూ. చక్కెర ఎంతున్నా గాలి లేకపోతే మండవు. అవి మండకపోతే ఆమ్లాన్ని బయటికి తోడే బలం ఎక్కడినుంచి వస్తుంది? ఆరిపోయాయో, నివురు కింద ఉన్నాయో చూద్దాం."

చాలాసేపు ఏమీ కదల్లేదు. సాయంత్రానికి గీత కొంచెం లేచింది కానీ మునుపటి ఎత్తుకి రాలేదు. గాలి ఆపితే ఆమ్లం ఆగుతుందని చెప్పడానికి నరుసె ఆ కాగితాన్నే పాఠాల్లో చూపించేవాడు. కప్ప ప్రాణం వృథా పోలేదని అందరూ అన్నారు. తోకియెకి ఆ మాట మింగుడుపడలేదు.

మరుసటి ఏడు అందరూ రాయి దగ్గరికి వెళ్లారు. చప్పుడు బయటికి పోకుండా తోకియె కిటికీలు మూసి, లోపలే ఉండిపోయింది. బుడగలు గుడగుడలాడుతున్న గాజు గిన్నె ముందు తల వంచింది.