గడప మీద గాజు మాస్టారు

గాజు మాస్టారిది విశ్వవిద్యాలయంలో ఒకే ఉద్యోగం, కానీ రెండు సగాలు. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా రసాయన శాఖలో అధ్యాపకుడు. ఒంటిగంట నుంచి అయిదు దాకా భౌతిక శాఖలో అధ్యాపకుడు. రెండుచోట్లా నేర్పేది ఒకటే: గాజును మంటలో పెట్టి వంచడం, ఊదడం, అతకడం. పుస్తకాల్లో చదివింది కాదు, వేళ్లు కాల్చుకుని నేర్చుకున్న పని.

ఇరవై రెండేళ్లుగా ఆయనకి రెండు బీరువాలు, రెండు కుర్చీలు, రెండు హాజరు పట్టీలు. ఓసారి జ్వరమొచ్చి సెలవడిగితే రసాయన శాఖ ఇచ్చింది, భౌతిక శాఖ ఇవ్వలేదు. మధ్యాహ్నం దాకా దుప్పటి ముసుగుతన్ని పడుకుని, ఆపైన లేచి వెళ్లి పాఠం చెప్పి వచ్చారు.

"జ్వరం కూడా సగమే వచ్చిందా మీకు?" అంది భార్య.

నియామక పత్రంలో ఓ షరతుంది. ఒక శాఖలో గైర్హాజరైతే, ఆ వేళ రెండో శాఖలో ఉన్నట్టు లెక్క. అలా తప్పు వేళలో తప్పు శాఖలో ఏడాదికి మూడుసార్లు ఉంటే ఉద్యోగం రద్దు. మంట మీద పని వదల్లేక ఒంటిగంట దాటాక కూడా రసాయన శాఖలోనే ఆగిపోయినందుకు ఆయనకి ఆ ఏడు అప్పటికే రెండు పడ్డాయి.

అలాంటి సమయంలో రసాయన శాఖలో పరిశోధన చేసే అమ్మాయి పగిలిన కండెన్సర్ పట్టుకుని వచ్చింది. ఆవిరిని చల్లార్చే బారెడు గాజు గొట్టం, దాని లోపల స్ప్రింగులా చుట్టిన ఇంకో సన్న గొట్టం.

"నెలాఖరుకి నా గడువైపోతుంది మాస్టారూ. బయట చేయిస్తే మూడు నెలలంటున్నారు."

అది ఆరు గంటల పని, ఒక్క బిగిన చెయ్యాలి. మధ్యలో చల్లారితే పగులుతుంది. ఆయన చేతిలో ఉన్నవేమో నాలుగేసి గంటల ముక్కలు. అయినా మర్నాడు తొమ్మిదికి మొదలుపెట్టారు. ఒంటిగంటకి గుండె రాయి చేసుకుని లేచారు. గుమ్మం దాటారో లేదో వెనక 'టిక్' మంది. ఆ అమ్మాయి చీపురు తెచ్చి ముక్కలు ఊడ్చింది. ఏడ్చినా అంత బాధ ఉండేది కాదు ఆయనకి.

రెండు శాఖల పనిగదులూ పక్కపక్కనే. మధ్య తలుపుకి అటో గడియ, ఇటో గడియ. మర్నాడు ఎనిమిదికే వచ్చి రెండూ తీసి, బల్లని గడప మీద సగం ఇటూ సగం అటూ వచ్చేలా వేసి, టేపు పెట్టి కొలిచి, బర్నర్‌ని నట్టనడుమ నిలబెట్టారు. తొమ్మిదికి రసాయన శాఖ వైపు స్టూలేసుకుని మంట వెలిగించారు. ఒంటిగంటకి గాజు మీంచి చెయ్యి తియ్యకుండానే కాలితో స్టూలు నెట్టుకుంటూ భౌతిక శాఖ వైపు జరిగారు.

రసాయన శాఖాధిపతి పరుగున వచ్చాడు. "ఏమండీ, ఒంటిగంట దాటింది. మీ ఎడమ చెయ్యింకా మా శాఖలోనే ఉంది!"

అటువైపు నుంచి భౌతిక శాఖాధిపతి తల పెట్టాడు. "అదలా ఉంచండి. పొద్దున్నుంచీ కుడి చెయ్యి మా శాఖలో ఎవరి అనుమతితో పనిచేసింది?"

మాస్టారి నోట్లో ఊదే రబ్బరు గొట్టం ఉంది. ఊపిరి తప్పితే లోపలి చుట్ట కుంగిపోతుంది. "ఊఁ" అన్నారు.

"ఊఁ అంటే అవుననా, కాదనా?"

"ఆయన్ని మాట్లాడించకండి సార్, గాజు పోతుంది" అంది అమ్మాయి.

"నువ్వుండమ్మా, ఇది పరిపాలన విషయం. నడుం ఎటుంటే మనిషి అటు. అంతే" అన్నాడు రసాయన శాఖాధిపతి.

"అదెలా కుదురుతుంది? గురుత్వ కేంద్రం చూడాలి."

"ఊదినప్పుడల్లా అది కదలదూ?"

అరగంట వాదించుకుని, గడప మీద ఉన్న మనిషి ఏ శాఖలోనూ లేనట్టే అని తేల్చుకున్నారు. ఆ తేల్చుకోవడంలోనే ఇరవై రెండేళ్లలో మొదటిసారి వాళ్లిద్దరి మాటా కలిసింది. ఎవరి పట్టీలో వాళ్లు పొద్దున తొమ్మిది నుంచి గైర్హాజరు వేసేశారు.

మూడింటికి ఆఖరి అతుకు పడింది. కండెన్సర్‌ని కొలిమిలో పెట్టి, రాత్రంతా మెల్లగా చల్లారనిచ్చారు. తెల్లారి తీసి చూస్తే వెంట్రుకంత బీట కూడా లేదు. అమ్మాయి గోటితో మీటితే ఖంగుమంది.

అప్పుడే కార్యాలయం నుంచి పిలుపొచ్చింది. అధికారి రెండు పట్టీలూ ముందేసుకుని కూర్చున్నాడు.

"రసాయన శాఖలో లేరు, అంటే భౌతిక శాఖలో ఉన్నారు. భౌతిక శాఖలో లేరు, అంటే రసాయన శాఖలో ఉన్నారు. వెరసి రోజంతా రెండుచోట్లా ఉన్నారు. ఉండాల్సిన వేళకి ఉండాల్సినచోట ఉన్నట్టేగా! మూడో తప్పు పడదు."

మాస్టారు ఊపిరి పీల్చుకున్నారు.

"అయితే, అనుమతి లేకుండా ఒకే రోజు ఇద్దరు మనుషులుగా పనిచేసినందుకు సంజాయిషీ రాయాలి" అంటూ అధికారి శ్రీముఖం చేతిలో పెట్టాడు. ఇద్దరికీ కాబట్టి రెండు ప్రతులు.

తిరిగొచ్చేసరికి అమ్మాయి కండెన్సర్‌ని పెట్టెలో సర్దుతోంది. ఒక చివర వదులుగా ఉండి కదులుతోంది. మాస్టారు ఒక ప్రతిని నాలుగు మడతలు పెట్టి అక్కడ కుక్కారు.

"అయ్యో మాస్టారూ, దానికి జవాబు రాయాలిగా!"

పెట్టెని కొంచెం ఊపి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారాయన.

"అటు చివర కూడా కదులుతోందమ్మా" అంటూ రెండో ప్రతిని మడత పెట్టారు.