పెట్టెలో బొంగరం

టైలరమ్మకూ, చెక్కపని చేసే ఆమె భర్తకూ ఒకటే సరదా. ఎవరెవరో ఆటగా దాచిన చిన్న పెట్టెల్ని ఫోన్లో దారి చూసుకుంటూ వెతికేవాళ్లు. పెట్టెలోంచి ఒక వస్తువు తీసుకుంటే, అంత విలువైనదే ఇంకొకటి పెట్టాలి. చాలామంది విరిగిన కీచైన్లు, తుప్పు పట్టిన బిళ్లలు పడేసి పోయేవాళ్లు. ఆయన మాత్రం నున్నగా తీర్చిన బొంగరం పెట్టేవాడు. దాని నెత్తిన తన గుర్తుగా మూడు గీతలు గీసేవాడు.

ఆయన పోయిన రెండేళ్లకు, తాము వంతెన కింద దాచిన పెట్టెను తీసేద్దామని ఆమె ఆడపడుచును వెంటబెట్టుకుని వెళ్లింది. మూత తీస్తే ఆ చెత్త మధ్య మూడు గీతల బొంగరం. కొత్త చెక్క వాసన ఇంకా పోలేదు.

"ఎవరో పాతది తిరిగి పెట్టుంటారు. తీసుకో వదినా," అంది ఆడపడుచు.

"బదులు ఏం పెట్టను?"

సంచి అంతా దులిపినా కత్తెర, దారపుండలు తప్ప ఏమీ లేవు. అవేవీ దానికి సాటి రావనిపించింది. "సరైనది తెస్తాను," అని పెట్టెతోనే చెప్పి వచ్చేసింది.

మర్నాడు ఆయన చేతిగడియారం పట్టుకుని ఆడపడుచుతో కలిసి వెళ్లేసరికి బొంగరం లేదు. దాని చోట ఒక పెన్ను మూత ఉంది. అయినా ఆమె గడియారాన్ని అందులో పెట్టింది.

"ఇంకెవరికోసం వదినా?"

"తెస్తానని చెప్పాను కదా. మీ అన్న వస్తే తీసుకుంటాడు."

పెట్టెను మాత్రం తీసెయ్యలేదు.