గాయకుడి నత్తి

సిటీ బస్సులో కండక్టరంటే నోరే పెట్టుబడి. అలాంటి ఉద్యోగానికి నత్తి ఉన్న పిల్ల వెళ్తానంటే ఇంట్లో ఏమంటారు? మతి పోయిందా అనే అంటారు. కండక్టరమ్మనూ అదే అన్నారు. వాళ్లమ్మ అయితే కొన్నాళ్లు మాట్లాడడమే మానేసింది. కండక్టరమ్మ వింటేగా! ఆవిడకు ఒక రాక్ బ్యాండు అండ ఉంది మరి.

నవ్వకండి. ఆ బ్యాండు మొదటి ఆల్బంలో ఒక పాట ఉంది. గాయకుడు చరణం మధ్యలో ఒక మాట దగ్గర ఇరుక్కుపోతాడు. మొదటి అక్షరం పట్టుకుని పెనుగులాడతాడు. డ్రమ్ములు, గిటార్లు అన్నీ ఆగి అతని కోసం కాచుకుంటాయి. మాట బయటపడ్డాక ఏమీ జరగనట్టు పాట సాగిపోతుంది. ఆ క్యాసెట్టు ఇంటికి తెచ్చింది ఎలక్ట్రీషియన్ అన్నయ్య. అతనికి గిటార్ల పిచ్చి. చెల్లెలికి మాత్రం ఆ ఆగడమే కావాలి. బళ్లో తను మాట రాక నిలబడితే నవ్వినవాళ్లే తప్ప ఆగినవాళ్లు లేరు. వీడెవడో తనలాంటివాడే, లోకం ముందు దాచుకోకుండా తడబడ్డాడు, అయినా పాట చెడలేదు. ఆ ధైర్యంతోనే టికెట్ల సంచీ భుజాన వేసుకుంది. స్టాపు పేరు 'ఆస్పత్రి' అని అరవాల్సి వచ్చినప్పుడల్లా నోరు మొరాయించేది. మొరాయించనీ అని కాస్త ఆగి, మళ్లీ అనేది. ఏళ్ల తరబడి అలాగే నెట్టుకొచ్చింది. వెక్కిరించినవాళ్లకు చిల్లర చివరి స్టాపులో ఇచ్చే విద్య కూడా పట్టుబడింది.

ఈమధ్య ఆ బ్యాండు కొత్త ఆల్బం వచ్చింది. సెలవు రోజున అన్నాచెల్లెళ్లు కూర్చుని విన్నారు. రెండు పాటలకే అన్నయ్య మొహం మాడిపోయింది. గిటార్లు ఏవి, అంతా కీబోర్డు గోల, వీళ్లకు పేరు తలకెక్కింది అని తిట్టిపోశాడు. మనుషులన్నాక మారరా అని ఆవిడే వాళ్లను వెనకేసుకొచ్చింది. ఆల్బం చివర్లో ఆ పాత పాటనే జనం ముందు మళ్లీ పాడిన రికార్డింగు ఉంది. మొదలుపెట్టే ముందు గాయకుడు నవ్వుతూ ఒక మాట చెప్పాడు.

"నాకు నత్తీ లేదు, గిత్తీ లేదు. అలా చేస్తే జనానికి గుర్తుంటుందని మావాళ్లంటే చేశాను."

జనం విరగబడి నవ్వారు. ఆ తర్వాత ఆ తడబాటునే పల్లవి చేసి వేలమంది చేత అనిపించాడు.

కండక్టరమ్మకు ఒళ్లు భగ్గుమంది. నమ్మించి గొంతు కోశాడు దొంగవెధవ! ఇన్నేళ్లూ వాణ్ణి తోడబుట్టినవాడికంటే ఎక్కువనుకుంది. వాడికేమో అదొక ఆట. అన్నయ్య ఇంకా గిటార్ల గురించే వాపోతున్నాడు. ఆవిడ ఏడుపు చూసి కంగారుపడి, పోనీలేవే, ఒక్క పాటేగా అన్నాడు. ఆవిడ లేచి వెళ్లి మొహం కడుక్కుంది.

కొత్త ఆల్బంలో జనానికి ఎక్కింది ఆ పాటే. ఎవరి ఫోనులో చూసినా అదే. మర్నాడు పొద్దున బస్సు కిక్కిరిసి ఉంది. ఆస్పత్రి స్టాపు దగ్గరపడింది. ఆవిడ నోరు తెరిచింది.

"ఆ... ఆ... ఆ..."

మాట పెగల్లేదు. కాస్త ఆగుదామంటే చెవుల్లో వాడి నవ్వే వినిపిస్తోంది. ముందు సీట్లో కాలేజీ అమ్మాయి గబుక్కున వెనక్కి తిరిగింది. వెక్కిరించడానికి కాదు, పాపం, నిజంగానే ముచ్చటపడింది.

"భలే చేశారు ఆంటీ, అచ్చం పాటలోలాగే. మళ్లీ ఒక్కసారి చేయరా, వీడియో తీసుకుంటాను."

ఈలోగా స్టాపు దాటిపోయింది. దిగాల్సినవాళ్లు వెనక నుంచి కేకలేస్తున్నారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఆ అమ్మాయి మొహంలోకి చూస్తూ ఉన్న బలమంతా కూడగట్టుకుంది.

"ఇది పా... పా... పాట కాదమ్మా. నా నో... నోరే ఇంత."

"సూపర్ ఆంటీ" అంది అమ్మాయి, ఫోను ఇంకాస్త దగ్గరికి జరుపుతూ.