పుల్ల జరుపు బిడ్డ

పొద్దున బైబిలు తెరిస్తే ఎండిన వేపాకు పొడిపొడిగా ఒళ్లో రాలింది. ఆ చేదు వాసన తగలగానే రూతవ్వ నా పక్కనే కూర్చున్నట్టయింది. పురుగు పట్టకుండా పేజీల మధ్య వేపాకు పెట్టడం ఆమె అలవాటు. పుస్తకమూ ఆమెదే, గుర్తు కోసం అందులో ఉంచిన చీపురుపుల్లా ఆమెదే.

రూతవ్వ తాండూరు నుంచి పెద్దేముల్ దాకా ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పేది. అందరూ బైబిలమ్మ అనేవారు. నేను మూడో తరగతిలోనే బడి మానేసి కూలికి పోయినదాన్ని. పెండ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక నాకు చదువు పట్టించింది ఆమే. అక్షరాల కింద చీపురుపుల్ల పెట్టించేది. కష్టమైన మాట దగ్గర నేను ఆగినా, నచ్చిన వచనం దగ్గర మురిసిపోయి ఆగినా ఒకటే మాట: "పుల్ల జరుపు బిడ్డ. ఇంకా ఉన్నది."

మా తమ్ముడు సామేలు వికారాబాద్‌లో కరెంటు పని చేస్తాడు. నాలుగేళ్ల కింద సంబంధాలు చూస్తుంటే, "నాకు పిల్లను చూడకుండ్రి. నేను శీనుతోనే బతుకుత" అన్నాడు. శీను వాడితో ఒకే గదిలో ఉండే స్నేహితుడు. ఆ మాట మాకు అర్థమవడానికి ఒక పూట పట్టింది, సంఘానికి తెలియడానికి అదీ పట్టలేదు. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక, సంఘం పుస్తకంలో వాడి పేరు కొట్టేయాలని పెద్దలు కూర్చున్నారు. పేరు కొట్టేస్తే ప్రభువు బల్ల దగ్గర రొట్టె ఇవ్వరు. చస్తే సమాధుల తోటలో మా అమ్మ పక్కన చోటివ్వరు. సామేలు వచ్చి తలుపు దగ్గర, చెప్పుల పక్కన కూర్చున్నాడు.

సంఘపెద్ద ప్రకాశం మామ లేచి, పౌలు రాసిన ఉత్తరంలో మగవాళ్లు మగవాళ్లతో కూడడం గురించిన వచనం గట్టిగా చదివి, టప్పున పుస్తకం మూశాడు. "ఇగ మాట్లాడేదేమున్నది? దేవుడే చెప్పిండు."

"దేవుడు ఆడ ఆపిండా, నువ్వు ఆపినవా ప్రకాశం?" అంది రూతవ్వ చాప మీది నుంచే. తన పుస్తకం నా ఒళ్లో పెట్టింది. "మామ ఆపినకాడికెళ్లి సదువు బిడ్డ."

అంతమంది మగవాళ్ల ముందు ఎన్నడూ చదవలేదు. కూడబలుక్కుంటూ మొదలుపెట్టాను. వెనక నుంచి ఎవరో, "గిట్ల సదివితె మీ తమ్ముని వికారాబాద్ రైలు పోతది!" అన్నారు. నవ్వులు. నేను ఆగిపోయాను.

"పుల్ల జరుపు."

జరిపాను. అదే వరుసలో పౌలు ఇంకా చాలామందిని ఎక్కించాడు. ఆశపోతులు, అసూయపడేవాళ్లు, కొండేలు చెప్పేవాళ్లు, తల్లిదండ్రుల మాట విననివాళ్లు. కొండేల మాట నోరు తిరగక రెండుసార్లు చదివాను. కావాలనే చదివాననుకుని ఆడవాళ్లు కొంగులు సర్దుకున్నారు. తల్లిని వేరుపెట్టిన ప్రకాశం మామ పైకప్పు చూశాడు. అక్కడితో అధ్యాయం మారింది. ఎదుటివాడికి తీర్పు చెప్పేవాడికి తప్పించుకునే దారి లేదని తర్వాతిది మొదలైంది.

"అంటే అది పాపం కాదంటవా అవ్వా?" మామ అరిచాడు.

రూతవ్వ నా ఒళ్లోని పుస్తకం వైపు చెయ్యి చూపించింది. "నాకు తెల్వది. ఇన్నేండ్ల సంది సదువుతున్న, గా వచనం కాడ నా గుండె గుంజుతది. దాన్ని నేను కొట్టేయ. గా పిలగాని పేరు గూడ కొట్టేయనియ్య. కొట్టేసేదుంటే గా వరుసల ఉన్నోళ్లందరియి కొట్టేయుండ్రి. నాది ముందుగాల కొట్టేయుండ్రి."

సంఘం పుస్తకం ముందు కూర్చున్న పాస్టరుగారు పేరు కొట్టకుండానే పెన్నుకు మూత పెట్టారు.

ఇంటికి నడుస్తూ అడిగాను. "నీదే ముందుగాల అంటివి, ఎందుకవ్వా?"

ఆమె నిలబడిపోయింది. "సామేలు పదహారేండ్లప్పుడు నాకాడికొచ్చి ఏడ్సిండు బిడ్డ. నేను గదే వచనం సదివి, గాడనే ఆపిన."

ఇప్పుడామె లేదు. ఆదివారాలు సంఘంలో చదివేది నేనే, ఇంకా కూడబలుక్కుంటూనే. సామేలు వచ్చినప్పుడల్లా చెప్పుల పక్కనే కూర్చుంటాడు. వాడి పక్కన కూర్చోవడానికి ఇష్టపడని వాళ్లు ఇంకా ఉన్నారు. రేపటి పాఠం ఆ ఉత్తరంలోదే. వాడు వస్తానన్నాడు, శీనును తీసుకుని. అందుకే పొద్దున వేపాకు పొడి దులిపి ఆ పేజీ వెతికాను. ఆ వచనం దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను. పుల్ల పెట్టి, అధ్యాయం మారేదాకా మళ్లీ మళ్లీ చదువుకున్నాను.